అంగుళానికి ఒక్క త్రెడ్డు తేడా

"పట్టింది" అనే మాటకీ "సరిపోయింది" అనే మాటకీ తేడా ఏమిటని అడిగితే, చెప్పుల కొట్లో పిల్లవాడి పక్కన నిలబడ్డ ఏ తల్లయినా చెబుతుంది. కొత్త బూటు కాలికి పట్టవచ్చు. సరిపోయిందో లేదో మర్నాటి సాయంత్రానికి మడమ చెబుతుంది. మన భాషలో వీటికి తోబుట్టువుల్లాంటి మాటలు ఇంకో రెండున్నాయి: సరిపెట్టడం, సరిపెట్టుకోవడం. మొదటిది చేసేవాడి పని, రెండోది పడేవాడి పని. ఈ నాలుగు మాటల మధ్య దాక్కున్న ధర్మసందేహం ఒకటుంది. దాని గురించి తీరిగ్గా ఆలోచించే అవకాశం నాకు సౌదీ అరేబియాలోని హాయిల్ అనే ఊళ్లో, కార్ల ఇంజన్లు విప్పి బిగించే ఒక షెడ్డులో విడిభాగాల స్టోరు చూసుకుంటూ గడిపిన ఏళ్లలో దొరికింది.

హాయిల్ పేరు వినని మనవాళ్లు కూడా హాతింతాయి పేరు వినే ఉంటారు. దానానికి మారుపేరైన ఆ ఆరో శతాబ్దపు అరబ్బు కవి ఈ ప్రాంతం వాడే. తాయి అన్నది ఆయన తెగ పేరు. ఊరిని ఆనుకుని అజా కొండలు, కొంత దూరంలో సల్మా కొండలు, ఉత్తరాన నఫూద్ ఇసుక సముద్రం. జుబ్బా దగ్గర వేల ఏళ్ల కిందట రాళ్ల మీద చెక్కిన బొమ్మల్ని 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2006లో ఇక్కడ ఎడారి కార్ల ర్యాలీ మొదలైంది. 2020లో డకార్ ర్యాలీ సౌదీకి వచ్చింది. మరుసటి ఏడాది ఆ పోటీలో మధ్యన వచ్చే విశ్రాంతి దినం హాయిల్‌లోనే గడిచింది. ఇంత ఇసుక పక్కనే ఉంటే కుర్రాళ్లు ఊరుకోరు. మనవాళ్లకి సంక్రాంతి కోడిపందెం ఎలాంటిదో, ఇక్కడి కుర్రాళ్లకి నిటారుగా నిలబడ్డ ఇసుక దిబ్బ మీదికి బండిని ఎక్కించడం అలాంటిది. ఆ సరదాకి ఎక్కువగా వాడే బండి నిస్సాన్ పెట్రోల్. 2010లో వచ్చిన మోడల్‌లో ఉండే 5.6 లీటర్ల వి8 ఇంజన్ సామాన్యమైనదేం కాదు. కానీ ఇసుక దిబ్బ ముందు నిలబడ్డవాడికి ఏ ఇంజనూ చాలదు.

అప్పుడు టర్బో కావలసి వస్తుంది. ఇంజన్ వదిలే పొగలో వృథాగా పోయే శక్తితో ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతోనే సిలిండర్లలోకి ఎక్కువ గాలిని నెట్టించాలన్న ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. వి8లో సిలిండర్లు చెరో పక్కా నాలుగు చొప్పున ఉంటాయి కాబట్టి, పక్కకొకటి చొప్పున రెండు టర్బోలు పెడతారు. దాన్నే ట్విన్ టర్బో అంటారు. 2024లో వచ్చిన కొత్త పెట్రోల్‌లో కంపెనీయే రెండు టర్బోల వి6 ఇంజన్ పెట్టింది. కానీ నేను చెబుతున్న బండ్లలో కంపెనీ టర్బో పెట్టలేదు, పెడతారని చోటూ వదల్లేదు. టర్బోలు ఒక దేశం నుంచి, పైపులు ఇంకో దేశం నుంచి, ఇంజన్ జపాన్ కంపెనీది, బిగించే చేతులు జగిత్యాల నుంచో, కేరళ నుంచో, పాకిస్తాన్ నుంచో వస్తాయి. ఇవన్నీ హాయిల్ సనాయియాలో, అంటే షెడ్లన్నీ ఒకచోట చేర్చిన పారిశ్రామిక వాడలో, మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకుంటాయి.

మొదటి చూపులోనే ఏవీ కుదరవు. ఎడమ పక్క టర్బో పెట్టాల్సిన చోట స్టీరింగ్ కడ్డీ అడ్డం వస్తుంది, సౌదీలో స్టీరింగు ఎడమవైపే కదా. పొగ పైపు దించితే ఛాసిస్‌కి తగులుతుంది. టర్బోని తడిపి వచ్చిన ఆయిల్ నురగ కట్టి ఉంటుంది, అది తన బరువుకి తానే కిందికి జారాలి. కాబట్టి టర్బోని మరీ కిందికి దించితే ఆయిల్ తిరిగి పోదు. పైకి ఎత్తితే బానెట్ మూత పడదు. అర మీటరు పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు పైపు 700 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. దాన్ని రెండు చివరలా కదలకుండా బిగించి, బిగింపు బాగా కుదిరిందని మురిసిపోతే, నాలుగోసారి ఇసుకెక్కేసరికి అది పగులుతుంది.

వేడికి ఇనుము సాగుతుందని మనవాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎడ్లబండి చక్రానికి ఇనప పట్టా వేయడం చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. పట్టాని చక్రం కంటే ఒక పిసరు చిన్నదిగానే చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, అది సాగగానే చక్రం మీదికి దించి, నీళ్లు పోస్తారు. చల్లారిన పట్టా బిగుసుకుని చక్రంలోని ఆకులన్నిటినీ కలిపి పట్టుకుంటుంది. మేకు అక్కర్లేదు. చల్లగా ఉన్నప్పుడు పట్టని పట్టాయే సరైన పట్టా. ఎంత చిన్నదిగా ఉండాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండేది కాదు. ఆ కమ్మరికి తెలిసేది. చక్రం ఊడితే అడగడానికి అదే ఊళ్లో, అదే వీధిలో ఉండేవాడు.

తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. 1908లో ఇంగ్లండులో మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పి, వాటి భాగాల్ని కలగాపులగం చేసి, మళ్లీ మూడు కార్లుగా బిగించి, బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద 500 మైళ్లు నడిపి చూపించారు. ఏ భాగమైనా ఏ కారుకైనా సరిపోతుందని అలా రుజువు చేశారు. అప్పటిదాకా కమ్మరి వేళ్లలో ఉన్న పూచీ ఆ పద్ధతి పెరిగేకొద్దీ డ్రాయింగు కాగితం మీదికి, కంపెనీ పేరు మీదికి బదిలీ అయింది. మనం కారు కొన్నప్పుడు కొనేది ఆ పూచీనే. హాయిల్ షెడ్డులో ఆ వి8కి రెండు టర్బోలు తగిలించిన క్షణాన కంపెనీ పూచీ తీరిపోతుంది. డ్రాయింగు లేదు. పూచీ మళ్లీ వచ్చి ఒక మనిషి వేళ్ల మీద వాలుతుంది. కాకపోతే ఈ మనిషి ఆ పాత కమ్మరిలాంటి వాడు కాదు. ఇతని ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇంకొకరి దయమీద ఆధారపడి ఉంటుంది. ఇతను మాట్లాడే భాష బండి ఓనరుకి రాదు. ఇతని పేరు బిల్లు మీద ఉండదు.

అలాంటి మనిషి నిజం చెప్పడానికి ఎంతవరకు బద్ధుడు? ఈ వ్యాసం అడిగేది ఇదే.

ఒక ఉదాహరణతో చెబుతాను. 2019 చలికాలంలో ఒక కుర్రాడి పెట్రోల్‌కి రెండు టర్బోలు పెడుతున్నారు. పెద్ద తగాదాలన్నీ తీరిపోయాయి. స్టీరింగ్ కడ్డీ దగ్గర వేలు పట్టేంత సందు కూడా దొరికింది. చివరికి ఒక చిటికెన వేలంత ఇత్తడి ముక్క దగ్గర పని ఆగింది. టర్బోలకి ఆయిల్ తీసుకెళ్లే గొట్టాన్ని ఇంజన్‌కి కలిపే అడాప్టర్ అది. జపాన్ ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కూర్చునే రంధ్రానికి సాధారణంగా బ్రిటిష్ పైపు త్రెడ్డు ఉంటుంది. టర్బో కిట్టు అమెరికాది కాబట్టి అందులోని అడాప్టర్‌కి అమెరికన్ పైపు త్రెడ్డు ఉంది. రెండిటినీ 1/8 అంగుళం అనే పిలుస్తారు (తమాషా ఏమిటంటే కొలిస్తే రెండూ సుమారు 10 మిల్లీమీటర్ల లావు ఉంటాయి). బ్రిటిష్ దానికి అంగుళానికి 28 త్రెడ్లు, అమెరికన్ దానికి 27. త్రెడ్డు కోణం ఒకదానికి 55 డిగ్రీలు, రెండోదానికి 60.

ఈ తేడా వెనక పెద్ద కథే ఉంది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీలని ప్రతిపాదించాడు. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో, కొయ్యడానికి సులువని 60 డిగ్రీలు చాలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల యంత్రాలకి ఒకరి బోల్టు ఇంకొకరికి పట్టక ఇబ్బంది పడ్డాక, 1948లో బోల్టుల విషయంలో రాజీ కుదిరింది. పైపుల విషయంలో కుదరలేదు. విట్‌వర్త్‌కీ సెల్లర్స్‌కీ తీరని ఆ తగాదా తిరిగి తిరిగి హాయిల్‌లో ఒక జగిత్యాల తమ్ముడి చేతిలోకి వచ్చి పడింది.

అసలు చిక్కేమిటంటే, అది పడుతుంది. 27 త్రెడ్లది 28 త్రెడ్ల రంధ్రంలోకి మొదటి చుట్లు మామూలుగానే తిరుగుతుంది. తర్వాత బిగుసుకుంటుంది. పైపు త్రెడ్డు ఎలాగూ బిగుసుకునేదే కాబట్టి అది తప్పు బిగువో సరైన బిగువో చూసేవాడికి తెలియదు. తెల్లటి టేపు నాలుగు చుట్లు చుట్టి పానాతో బలంగా తిప్పితే నిలుస్తుంది కూడా. షెడ్డులో ఇంజన్ స్టార్టు చేస్తే చుక్క కారదు. కారేది తర్వాత, ఇంజన్ వేడెక్కి, బండి దిబ్బ మీద ఎగిరెగిరి పడుతున్నప్పుడు. ఒత్తిడితో చిమ్మిన ఆయిల్ ఎర్రగా కాలుతున్న టర్బో మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

"పట్టింది అన్నా, గని ఆగది," అన్నాడు తమ్ముడు నాతో. త్రెడ్ గేజు పెట్టి చూపించాడు. 27 ఆకు ఇత్తడి మీద అతుక్కుని కూర్చుంది. 28 ఆకు పెడితే పళ్ల మధ్య నుంచి వెలుతురు కనిపించింది. ముదీర్‌కి, అంటే షెడ్డు మేనేజరుకి, వెళ్లి చెప్పాడు. సరైన అడాప్టర్ రియాద్ నుంచి రావాలి. ఆరు వందల కిలోమీటర్ల పైమాట, నాలుగు రోజులు. కుర్రాడు గురువారం రాత్రికి బండి కావాలన్నాడు. "మాఫీ ముష్కిల్. టేపు చుట్టి బిగించు," అన్నాడు ముదీర్. ఆయన దుర్మార్గుడేం కాదు. వాకిట్లో ఇంకో ఐదు బండ్లున్నాయి, నెలాఖరు దగ్గర పడింది. పక్కన పనిచేసే నెల్లూరు పెద్దాయన కూడా, "నువ్వు చెప్పేది చెప్పావబ్బాయ్. ఇంక ఖల్లీ వల్లీ," అన్నాడు. గల్ఫ్‌లో నాలుగు నెలలున్న ఎవరికైనా ఆ మాట తెలుసు: పోనీయ్, వదిలెయ్.

ఖల్లీ వల్లీ అనడానికి కారణాలు లేకపోలేదు. వాటిని తేలిగ్గా కొట్టిపారేస్తే ఇది ధర్మవిచారం కాదు, నీతిబోధ అవుతుంది.

మొదటిది, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్న వాదం. ప్రాణం కుర్రాడిది, తొందర కుర్రాడిది, డబ్బూ అతనిదే. మధ్యలో ఫిట్టర్‌కేమిటి? కానీ ఈ సామెత ఇక్కడ సరిగ్గా పట్టదు. కందకి తన దురద సంగతి తెలుసు. కుర్రాడికి 27, 28ల సంగతి తెలియదు. తెలిసి తెగించడం వేరు, తెలియక కూర్చోవడం వేరు. అతను తెగించింది ఇసుక దిబ్బకి. ఇత్తడి ముక్కకి కాదు.

రెండోది, చెప్పినవాడిదే పూచీ అన్న వాదం. ముదీర్ చెప్పాడు, ఫిట్టర్ చేశాడు; పాపం ముదీర్‌ది. తిలా పాపం తలా పిడికెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు, పాపాన్ని పంచుకోవచ్చు. ఇందులో కొంత నిజముంది: అధికారం ఎంతో బాధ్యతా అంతే. కానీ తెలిసిన సంగతి పాపంలా పంపకానికి లొంగదు. ముదీర్‌కి చెప్పాక కూడా, ఆ బిగువు తప్పుడు బిగువని వేళ్లతో తెలిసినవాడు షెడ్డు మొత్తంలో ఒక్కడే. అతను నోరు మూసుకుంటే ఆ సంగతి లోకంలో ఇంకెక్కడా ఉండదు.

మూడోది పేదరికం. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, చెల్లెలి పెళ్లి, ఇంటికప్పు. వీటి ముందు ఒక అపరిచితుడి ఇంజన్ ఎంత? ఈ వాదాన్ని నేను ఎదిరించలేను. పని మానేసి పొమ్మని, ప్రాణం పోయినా ఆ పని చేయొద్దని, నెల జీతం సురక్షితంగా అందుకునే నాలాంటివాడు చెప్పకూడదు. నిరాకరించడం అందరికీ అందుబాటులో ఉండే ధర్మం కాదు. అది ఖరీదైనది. అందుకే ధర్మంలో అట్టడుగు మెట్టు ఏది, అతి పేదవాడికి కూడా అందేది ఏది అని వెతకాలి. నాకు తోచిన జవాబు: చెప్పడం. అయితే ఎవరికి చెప్పడం?

అమెరికాలో 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయల్దేరిన 73 సెకన్లకి ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. అది కూడా మూలంలో ఒక బిగింపు సమస్యే. రాకెట్టు భాగాలు కలిసే చోట సందు మూయాల్సిన రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోయి, మూయాల్సినంత వేగంగా మూయలేకపోయాయి. ఈ ప్రమాదం గురించి ఆ రాకెట్లు తయారుచేసిన కంపెనీలోని ఇంజనీరు రోజర్ బోయిజోలీ 1985 జులైలోనే కాగితం మీద పెట్టాడు. ప్రయోగానికి ముందు రాత్రి అతనూ, తోటి ఇంజనీర్లూ వద్దని వాదించారు. పైవాళ్లు విని, తోసిపుచ్చి, సరేనన్నారు. ఇంజనీర్లు చెప్పలేదని ఎవరూ అనలేరు. కానీ ఆ రాత్రి జరిగిన వాదన, మర్నాడు ఆ నౌకలో కూర్చోబోయే ఏడుగురిలో ఒక్కరి దాకా రాలేదు.

అక్కడ ముగ్గురున్నారు: తెలిసినవాడు, నిర్ణయించేవాడు, అనుభవించేవాడు. కమ్మరి కాలంలో ఈ ముగ్గురూ ఒకే వీధిలో ఉండేవారు. ఒక్కోసారి ముగ్గురూ ఒక్కడే. లోకం పెద్దదయ్యేకొద్దీ ఆ ముగ్గురి మధ్య దూరం పెరిగింది. మన కాలంలో జరిగే అన్యాయాల్లో చాలా వాటికి క్రూరత్వం అక్కర్లేదు, ఈ దూరం చాలు. తెలిసినవాడు పైవాడికి చెప్పి చేతులు దులుపుకుంటాడు. పైవాడు లెక్కలు చూసి సంతకం పెడతాడు. అనుభవించేవాడు ఏమీ తెలియక సీటు బెల్టు పెట్టుకుంటాడు. కాబట్టి "పైవాళ్లకి చెప్పాను" అన్నది సగం చెప్పడమే. దెబ్బ తగిలేవాడికి చేరినప్పుడే చెప్పడం పూర్తవుతుంది.

ఆ తమ్ముడికి ఛాలెంజర్ కథ తెలియదు. బుధవారం సాయంత్రం కుర్రాడు బండి చూసుకోవడానికి వచ్చాడు, వెంట ఇద్దరు చిన్న తమ్ముళ్లున్నారు. ఫిట్టర్‌కి వచ్చిన అరబ్బీ ముక్కలతో కోణాల గురించి చెప్పడం అయ్యే పని కాదు. అతను ఇత్తడి అడాప్టర్‌ని కుర్రాడి అరచేతిలో పెట్టి, త్రెడ్ గేజు చేతికిచ్చి, ట్యూబులైటు వైపు చూపించాడు. 27 ఆకు పెట్టించాడు. తర్వాత ఇంజన్ రంధ్రానికి సరిపోయే పాత సెన్సర్ ఇచ్చి 28 ఆకు పెట్టించాడు. ఆ తర్వాత ఆకులు తారుమారు చేయించాడు. పళ్ల మధ్య నుంచి వెలుతురు కనిపించగానే కుర్రాడు తలెత్తి ఇతని మొహంలోకి చూశాడు. ఫిట్టర్ తన వేలితో టర్బోని, తర్వాత మంటకి గుర్తుగా ఐదు వేళ్లని పైకి ఆడించి చూపించాడు. "ఎన్ని రోజులు?" అని మాత్రం అడిగాడు కుర్రాడు. నాలుగు రోజులు. సరేనన్నాడు. రియాద్‌కి ఆర్డరు నేను రాశాను. ముదీర్ వారం రోజులు ఫిట్టర్‌తో మాట్లాడలేదు. ఆ నెల ఇతని ఓవర్‌టైమ్ సగమైంది. నిజానికి ఒక ధర ఉందనడం మామూలే. ఇక్కడ ఆ ధర ఎంతో నాకు రియాళ్లలో తెలుసు, ఎందుకంటే ఓవర్‌టైమ్ లెక్క కూడా స్టోరులోనే రాసేవాళ్లం.

ఇలాంటి చోట్ల వాడుకలో ఉన్న ఇంకో రకం చెప్పడం ఉంది. "ఏం జరిగినా నా పూచీ" అని ఓనరు చేత ఒక కాగితం మీద సంతకం చేయించడం. చట్టానికి అది చాలేమో. కానీ ఆ కాగితం రాసేది అవతలివాడికి తెలియడం కోసం కాదు, మనకి తెలియనట్టు ఉండడం కోసం. చెప్పడం నిజంగా జరిగిందో లేదో తేల్చే పరీక్ష ఒకటే: అవతలి మనిషి కళ్లకి ఆ వెలుతురు కనిపించిందా లేదా. ఇంకో సంగతి కూడా. కుర్రాడు చూసి కూడా "పర్వాలేదు, బిగించు" అని ఉంటే? తనొక్కడి ప్రాణమైతే అది అతని హక్కు అనవచ్చు. కానీ వెనక సీట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, వాళ్లని ఎవరూ అడగలేదు. ఒప్పుకునేవాడు ఒకడు, అనుభవించేవాడు ఇంకొకడు అయినప్పుడు ఒప్పుదల చెల్లదు. ఆ చోట చెప్పడం చాలదు, ఆపాలి. ఆపే శక్తి ఫిట్టర్‌కి లేకపోతే, ఆ భారం ఆపగలిగినవాడిదే. ఇక్కడ ముదీర్ తప్పించుకోలేడు.

నువ్వెందుకు ఇంత తెగించావని తర్వాతెప్పుడో అడిగాను. అతను 2010లో ఏజెంటు మాట నమ్మి మెకానిక్ పని అని వచ్చాడు. దిగాక తీసుకెళ్లింది ఎడారిలో మేకల దగ్గరికి. రెండేళ్లు అక్కడే. "ఏజెంటుకు ఎర్కనే అన్నా, నేను మేకల కాడికి వోతనని. మా బాపుకు ఎర్కలే. నాకు ఎర్కలే. ఎర్క ఉన్నోడు నోరు మెదుపలే," అన్నాడు.

అనుభవించినవాడు రెండు రకాలుగా తయారు కావచ్చు. నాకెవడు చెప్పాడని నేను చెప్పాలి అనుకోవచ్చు. అది పూర్తిగా అర్థమయ్యే కోపమే. లేదా, చెప్పకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి చెబుతాను అనుకోవచ్చు. మొదటి దారిలో మౌనం ఒకడి నుంచి ఇంకొకడికి అప్పులా బదిలీ అవుతూ పోతుంది. రెండో దారిలో ఎక్కడో ఒకచోట ఆగుతుంది. మొదటి దారి పట్టినవాణ్ణి నేను నిందించలేను. రెండో దారి పట్టినవాడికి మాత్రం మనమందరం, ఇసుక దిబ్బ ముఖం చూడనివాళ్లం కూడా, ఏదో ఒక రూపంలో బాకీ ఉన్నాం.

ఆ బాకీ ఎలా తీర్చాలి? దీనికి జవాబు ఇంజన్‌లోనే ఉంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగు పూర్తి వలయం కాదు, దాని రెండు కొనల మధ్య సన్నటి సందు ఉంటుంది. 98 మిల్లీమీటర్ల సిలిండర్‌కి మామూలుగా 0.4 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉండే ఆ సందుని, టర్బో పెట్టినప్పుడు 0.6 దాకా పెంచుతారు. ఎక్కువ వేడికి రింగు ఎక్కువ సాగుతుంది కనుక. సందు తక్కువైతే చల్లగా ఉన్నప్పుడు ఇంజన్ దిట్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. వేడెక్కాక కొనలు రెండూ ఢీకొని రింగు పట్టేస్తుంది, పిస్టన్ అంచు విరుగుతుంది. ఎంత ఎక్కువ బలం కోరుకుంటే అంత ఎక్కువ సందు వదలాలి. మనుషులు కలిసి పనిచేసే చోట కూడా ఇంతే. "కాదు" అనడానికి సందు లేని షెడ్డు చల్లగా ఉన్నన్నాళ్లూ బిగువుగా, క్రమశిక్షణతో నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

ఆ సందు వదలడం పైవాళ్ల ధర్మం. చెప్పడం కిందివాడి ధర్మమైతే, చెప్పడాన్ని చవక చేయడం పైవాడి ధర్మం. 2021 మార్చి 14న సౌదీలో అమల్లోకి వచ్చిన సంస్కరణతో ప్రైవేటు రంగంలో చాలామంది కార్మికులకి, కొన్ని షరతుల మీద, యజమాని అనుమతి లేకుండానే ఇంకో ఉద్యోగానికి మారే వీలు వచ్చింది. దాన్ని కార్మిక చట్టంగానే చూస్తారు అందరూ. నాకు మాత్రం అది కొంతమేర నిజం ధర తగ్గించిన చట్టంగా కనిపిస్తుంది. చెబితే పోయేది ఈ ఉద్యోగమే, దేశంలో ఉండే హక్కు కాదు అన్నప్పుడు, నోరు తెరవడం కొంచెం సులువు. అయితే ఇంటి పనివాళ్లు, సొంత డ్రైవర్లు, తోటమాలులు, మేకల కాపర్లు అప్పట్లో ఆ పరిధిలోకి రాలేదు. అంటే మా తమ్ముడు రెండేళ్లు గడిపిన ఆ చోటికే అది చేరలేదు.

హాతింతాయి గురించి అందరికీ తెలిసిన కథ ఒకటుంది. ఆయన దగ్గరున్న గొప్ప గుర్రాన్ని అడిగి తెమ్మని ఒక రాజు దూతని పంపాడు. దూత రాత్రివేళ వచ్చాడు. ఇంట్లో వండి పెట్టడానికి ఇంకేమీ లేక హాతిం ఆ గుర్రాన్నే కోసి అతిథికి భోజనం పెట్టాడు. వచ్చిన పని తెల్లారాక తెలిసింది. ఈ కథలో మనం సాధారణంగా గమనించని సంగతి, ఆయన కోసింది తన గుర్రాన్ని. "మాఫీ ముష్కిల్" అనే మాటలో కూడా ఒక ఔదార్యం ఉంది. ఎదుటివాడి మొహం చిన్నబోకూడదని, పని ఆగకూడదని అనే మాట అది. కానీ టేపు చుట్టి బిగించి "మాఫీ ముష్కిల్" అన్నప్పుడు మనం దానం చేస్తున్నది మనది కాని గుర్రాన్ని. వెనక సీట్లో కూర్చునే పిల్లల క్షేమాన్ని ముందు సీటువాడి ముచ్చట కోసం ఇచ్చేస్తున్నాం.

టర్బోలూ త్రెడ్లూ అందరికీ తగలవు. కానీ పట్టిందని తెలిసి, ఆగదని కూడా తెలిసిన పని అందరి చేతికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. శుక్రవారం సాయంత్రానికి విడుదల కావలసిన సాఫ్ట్‌వేర్ కావచ్చు, హైదరాబాదులో పిల్లర్లు సన్నబడ్డ అపార్ట్‌మెంటు కావచ్చు, అన్నీ బాగానే ఉన్నాయని మధ్యవర్తి చెప్పిన సంబంధం కావచ్చు. అప్పుడు నేను సాహసవంతుణ్ణా, పిరికివాణ్ణా అని తర్కించుకుంటూ కూర్చుంటే పొద్దు పోతుంది. ఇది ఆగకపోతే ఎవరికి తగులుతుంది, ఆ మనిషికి ఈ సంగతి తెలుసా అని అడుగుదాం. తెలియదన్న జవాబు వస్తే, మనకి ఇంకా కొంచెం పని మిగిలే ఉంది.